దీర్ఘకాలిక వ్యాధుల్లో సైటోకైన్లు, సీఆర్‌పీ, ఇన్‌ఫ్లమేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

కీళ్లవాతం కావచ్చు, సోరియాసిస్ కావచ్చు, పేగుల వ్యాధి, మధుమేహం, గుండె జబ్బు ఏదైనా కావచ్చు. రోగులూ వారి ఇంట్లోవాళ్లూ అడిగే సందేహాలు తిరిగి తిరిగి ఇవే. అందుకే ఒకచోట రాసిపెట్టాను. ఎక్కడినుంచైనా చదవవచ్చు. మందు మార్చడం, మోతాదు తగ్గించడం, మానేయడం మాత్రం మీ డాక్టరుతో మాట్లాడాకే.

## అసలు విషయం అర్థం కావడానికి

ఇన్‌ఫ్లమేషన్ (వాపు ప్రక్రియ) చెడ్డదే కదా, ఒంట్లో అది అసలు లేకుండా చేసుకోలేమా?

అది పూర్తిగా పోతే చిన్న గాయం కూడా మానదు. వేలికి ముల్లు గుచ్చుకున్న చోటును గమనించండి. కాసేపటికి ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, సలుపుతుంది. ఈ నాలుగు లక్షణాలనూ క్రీస్తుశకం 1వ శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ నమోదు చేశాడు. సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి కాబట్టి ఎరుపు, వేడి. వాటి గోడల సందుల్లోంచి ద్రవం బయటికి ఊరుతుంది కాబట్టి వాపు. ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు నరాల కొసలను సున్నితం చేస్తాయి కాబట్టి సలుపు. తెల్లకణాలు ఆ చోటికి చేరి క్రిములను మింగడానికే ఈ ఏర్పాటంతా.

పని ముగిశాక అది ఆగకపోతేనే చిక్కు. ఆగడం కూడా ఊరికే జరిగిపోయేది కాదు. ఒమేగా-3 కొవ్వుల నుంచి తయారయ్యే రిసాల్విన్ల వంటి అణువులు తెల్లకణాల రాకను నిలిపివేస్తాయి, చచ్చిన కణాలను తొలగించే పనిని వేగిరపరుస్తాయి. దీర్ఘకాలిక వ్యాధుల్లో చాలాసార్లు దెబ్బతినేది ఈ ముగింపు ఘట్టమే.

సైటోకైన్లు అంటే ఏమిటి? హార్మోన్లా?

కణాలు ఒకదానికొకటి సమాచారం అందించుకోవడానికి విడుదల చేసే చిన్న ప్రొటీన్లు. హార్మోన్లకు దగ్గరి చుట్టాలే కానీ వీటికి ప్రత్యేకమైన గ్రంథి ఉండదు. ఎక్కువగా పుట్టిన చోటే, కొద్ది దూరంలోనే పనిచేస్తాయి. 1957లో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ కనుగొన్న ఇంటర్‌ఫెరాన్ తొలితరానిది. ఈ వ్యాధుల సందర్భంలో తరచుగా వినిపించేవి టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, 6, 17, 23. మంటను చల్లార్చేవీ ఉన్నాయి, ఇంటర్‌ల్యూకిన్-10 అలాంటిది.

ఒక చోట ఇంటర్‌ల్యూకిన్-6 మంచిదని, ఇంకో చోట చెడ్డదని చదివాను. ఏది నిజం?

రెండూ నిజమే. సైటోకైన్‌కు మంచీ చెడూ అని స్వభావం ఉండదు. ఏ కణజాలంలో, ఎంతసేపు, ఏ ఇతర అణువులతో కలిసి ఉందన్నదే లెక్క.

ఇంటర్‌ల్యూకిన్-6నే తీసుకోండి. వ్యాయామం చేస్తున్నప్పుడు కండరాలే దాన్ని రక్తంలోకి వదులుతాయి. ఆ కొద్ది గంటల పెరుగుదల ఇంటర్‌ల్యూకిన్-10 వంటి శాంతింపజేసే అణువులను రప్పిస్తుంది. అదే అణువు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒక రకం కీళ్లవాతం) ఉన్న కీళ్లలో నెలల తరబడి తిష్ఠ వేస్తే ఎముక అరుగుదలకు తోడ్పడుతుంది.

ఇంతకంటే కళ్లు తెరిపించినవి మందుల పరీక్షలు. ఇంటర్‌ల్యూకిన్-17ను అడ్డుకుంటే సోరియాసిస్ మచ్చలు మాయమవుతున్నాయి. పేగుల్లోనూ అదే పనిచేస్తుందని క్రోన్స్ అనే పేగుల వ్యాధిలో ప్రయత్నిస్తే కొందరికి వ్యాధి ముదిరింది. పేగు లోపలి పొరను కాపాడటంలో, ఫంగస్‌ను అదుపులో ఉంచడంలో ఆ అణువుకు పాత్ర ఉండటమే కారణమని భావిస్తున్నారు. టీఎన్‌ఎఫ్‌దీ ఇదే కథ. దాన్ని అడ్డుకుంటే కీళ్లవాతం తగ్గుతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీవ్యవస్థ వ్యాధిలో ప్రయత్నించినప్పుడు మాత్రం వ్యాధి తిరగబెట్టడం ఎక్కువైంది. అందుకే "ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందు" అని గంపగుత్తగా ఎవరైనా అంటే, ఏ అణువును, ఎక్కడ అని అడగడం మంచిది.

నాకు ఏ ఇన్ఫెక్షనూ లేదు, అయినా ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందంటున్నారు. ఎలా?

రోగనిరోధక కణాలు క్రిములకే కాదు, కణజాలం దెబ్బతిన్న గుర్తులకూ స్పందిస్తాయి. గౌట్ దీనికి తేటతెల్లమైన ఉదాహరణ. అర్ధరాత్రి కాలి బొటనవేలి కీలు మీద దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి పుడుతుంది. అక్కడ క్రిమి ఏదీ లేదు, ఉన్నవి సూదుల్లాంటి యూరిక్ యాసిడ్ స్ఫటికాలు. వాటిని మింగిన కణంలో ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రొటీన్ల సముదాయం చైతన్యమై ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను విడుదల చేయిస్తుందని 2006లో తేలింది. రక్తనాళాల గోడల్లోని కొలెస్ట్రాల్ స్ఫటికాలు కూడా ఇదే మీటను నొక్కుతాయి. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, పొగాకు, శరీరపు సొంత కణాలనే గుర్తించే యాంటీబాడీలు, వయసు మీరడం, ఇవన్నీ క్రిమి లేకుండానే వాపు ప్రక్రియను నడిపించగలవు.

## రిపోర్టు చేతికి వచ్చాక

సీఆర్‌పీ (సి-రియాక్టివ్ ప్రొటీన్) ఎక్కువ అని వచ్చింది. నాకు ఏ వ్యాధి ఉన్నట్టు?

ఆ ఒక్క అంకె వ్యాధి పేరు చెప్పదు. ఒంట్లో ఎక్కడో ఇంటర్‌ల్యూకిన్-6 పెరిగిందని, దానికి కాలేయం స్పందించి ఈ ప్రొటీన్‌ను తయారు చేసిందని మాత్రమే చెబుతుంది. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని తొలిసారి గుర్తించారు. ప్రేరేపణ మొదలైన కొద్ది గంటల్లోనే పెరగడం మొదలై, రెండు రోజులకు అత్యధిక స్థాయికి చేరుతుంది. కారణం తొలగితే సుమారు 19 గంటలకోసారి సగానికి సగం పడిపోతుంది. కాబట్టి ఒక్క పరీక్షకంటే కొన్ని రోజుల తేడాతో చేసిన రెండు పరీక్షలు ఎక్కువ చెబుతాయి. లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటితే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌ను ముందుగా అనుమానిస్తారు. స్వల్పంగా పెరగడానికి జలుబు, ఊబకాయం, పొగతాగడం కూడా చాలు.

ఒక ల్యాబ్‌లో 0.6, ఇంకో ల్యాబ్‌లో 6 వచ్చింది. వారంలో పదింతలు పెరిగిందా?

అంకె పక్కనున్న కొలమానం చూడండి. కొన్ని ల్యాబ్‌లు డెసిలీటరుకు, మరికొన్ని లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. డెసిలీటరుకు 0.6 అన్నా లీటరుకు 6 అన్నా ఒకటే. ఈ చిన్న అక్షరాలు చూడక నిద్ర పోగొట్టుకున్నవాళ్లు తక్కువేమీ కాదు. వీలైనంత వరకు ఒకే ల్యాబ్‌లో చేయించుకోండి.

హెచ్‌ఎస్-సీఆర్‌పీ అంటే వేరే పదార్థమా?

పదార్థం అదే. చాలా తక్కువ స్థాయిలను కూడా పట్టుకోగల సున్నితమైన పద్ధతి అది. గుండె జబ్బు ముప్పును అంచనా వేయడానికి వాడతారు. లీటరుకు 1 మిల్లీగ్రాము కంటే తక్కువైతే తక్కువ ముప్పు, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. జ్వరమో పంటి నొప్పో ఉన్న వారంలో ఈ పరీక్ష చేయించుకోవడం డబ్బు దండగ. 10 దాటితే ముందు ఇతర కారణాలు వెతికి, తగ్గాక మళ్లీ చేయాలి.

ఈఎస్‌ఆర్ బాగా ఎక్కువ, సీఆర్‌పీ మాత్రం నార్మల్. పరీక్షలో తప్పు జరిగిందా?

తప్పు జరగకపోయినా అలా రావచ్చు. ఈఎస్‌ఆర్ ఒక అణువును కొలవదు. గాజు గొట్టంలో ఎర్రకణాలు గంటలో ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో కొలుస్తుంది. రక్తహీనత, గర్భం, వయసు, రక్తంలో యాంటీబాడీ ప్రొటీన్లు ఎక్కువ కావడం, ఇవన్నీ ఆ వేగాన్ని పెంచుతాయి. పైగా ఇది నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గుతుంది. లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత కణజాలం మీదే దాడి చేసే వ్యాధి) రోగుల్లో ఈ జంట తరచుగా కనిపిస్తుంది. ఆ వ్యాధిలో ఇంటర్‌ఫెరాన్లదే పైచేయి కావడంతో సీఆర్‌పీ పెద్దగా పెరగకపోవచ్చు. లూపస్ ఉన్నవారికి హఠాత్తుగా సీఆర్‌పీ ఎగబాకితే ఇన్ఫెక్షన్ ఉందేమోనని డాక్టర్లు వెంటనే వెతికేది ఇందుకే.

రెండూ నార్మల్. కానీ వేళ్ల కీళ్లు వాచే ఉన్నాయి. నా మాట ఎవరూ నమ్మడం లేదు.

కీళ్లవాతం ఉన్నవారిలో కొందరికి రక్తపరీక్షలు మామూలుగానే ఉంటాయి. చిన్న కీళ్లలో జరిగే గొడవ కాలేయాన్ని కదిలించేంత పెద్దది కాకపోవచ్చు. కీళ్ల నిపుణులు వేళ్లతో నొక్కి చూసేదీ, అవసరమైతే అల్ట్రాసౌండ్ చేయించేదీ ఆ కారణంగానే. వాపు ఉన్న రోజున ఫోనులో ఫోటో తీసి తీసుకెళ్లండి, చాలా పనికొస్తుంది.

సైటోకైన్ ప్యానెల్ అని పెద్ద పరీక్ష ఉందట, చేయించుకోనా?

ఎవరైనా నిపుణుడు ఒక ప్రత్యేక కారణంతో అడిగితే తప్ప వద్దనే అంటాను. టీఎన్‌ఎఫ్ వంటివి రక్తంలో నిలిచేది కొద్ది నిమిషాలే. కీలులోనో పేగులోనో పొంగిపొర్లుతున్న అణువు చేతి నరంలో తీసిన రక్తంలో కనిపించకపోవచ్చు. నమూనా తీసి, గడ్డకట్టించి, వేరుచేసే లోపు ఆలస్యమైతే అంకెలు మారిపోతాయి. అరుదైన వ్యాధుల్లో, పరిశోధనల్లో వీటికి స్థానం ఉంది. "మీ ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంత?" అంటూ రంగురంగుల పట్టికతో అమ్మే ప్యాకేజీలకు అంత స్థానం లేదు.

నెలల తరబడి ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా హిమోగ్లోబిన్ పెరగడం లేదు. దీనికీ నా కీళ్లవాతానికీ సంబంధం ఉందా?

చాలావరకు ఉంటుంది. ఇంటర్‌ల్యూకిన్-6 పెరిగినప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా చేస్తుంది. అది పేగు కణాల నుంచి, నిల్వ కణాల నుంచి ఇనుము బయటికి వచ్చే ఏకైక ద్వారాన్ని మూసేస్తుంది. క్రిములకు ఇనుము దొరకకుండా చేయడానికి ఏర్పడిన జాగ్రత్త ఇది. కొద్ది రోజుల జ్వరంలో మేలు చేసే ఈ జాగ్రత్త ఏళ్ల తరబడి సాగితే ఎముక మజ్జకు ఇనుము అందక రక్తహీనత వస్తుంది. నిల్వలు మాత్రం నిండుగానే ఉంటాయి.

ఇంకో మెలిక కూడా ఉంది. ఇనుము నిల్వలను సూచించే ఫెరిటిన్ సైతం వాపు ప్రక్రియలో పెరుగుతుంది కాబట్టి, అది నార్మల్‌గా ఉన్నంత మాత్రాన ఇనుము లోపం లేదని చెప్పలేం. రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఎంతవరకు నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ కూడా కలిపి చూడాలి. అసలు వ్యాధి అదుపులోకి వస్తే చాలామందికి హిమోగ్లోబిన్ దానంతట అదే కోలుకుంటుంది. నిజమైన లోపం కూడా ఉంటే నరం ద్వారా ఐరన్ ఇస్తారు.

## వ్యాధితో జీవిస్తున్నప్పుడు

ఉదయం లేవగానే కీళ్లు బిగుసుకుపోయి, పది గంటలకు సర్దుకుంటాయి. ఎందుకు?

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో ఇంటర్‌ల్యూకిన్-6 స్థాయి రాత్రంతా పెరుగుతూ తెల్లవారుజామున శిఖరానికి చేరుతుంది. దాన్ని అణచాల్సిన శరీరపు సొంత కార్టిసాల్ ఆ వేళకు చాలినంతగా అందదు. రాత్రి మింగితే తెల్లవారుజామున విడుదలయ్యే ప్రెడ్నిసోన్ మాత్రను ఈ లెక్క మీదనే తయారుచేశారు. బిగుతు గంటకు పైగా ఉంటే, ఎన్ని నిమిషాలు ఉంటోందో లెక్కగా డాక్టరుకు చెప్పండి. కొద్ది నిమిషాల్లో వదిలే బిగుతు ఎక్కువగా కీళ్ల అరుగుదల వల్ల వచ్చేది.

గుండెపోటుకు కారణం కొలెస్ట్రాల్ కదా, ఇన్‌ఫ్లమేషన్ ఎక్కడినుంచి వచ్చింది?

రెండూ కలిసే పనిచేస్తాయి. రక్తనాళపు గోడలో చేరిన కొలెస్ట్రాల్‌ను మింగిన తెల్లకణాలు అక్కడే చిక్కుకుని సైటోకైన్లను విడుదల చేస్తాయి. అలా గోడలో ఏర్పడిన కొవ్వు గడ్డ పైపొర పలచబడి చిట్లితే రక్తం గడ్డకట్టి గుండెపోటు వస్తుంది.

ఇది చాలాకాలం ఊహే. 2017లో వెలువడిన కాంటోస్ పరీక్షతో రుజువు దొరికింది. అప్పటికే గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ లీటరుకు 2 మిల్లీగ్రాములు లేదా అంతకుమించి ఉన్న 10,061 మంది అందులో పాల్గొన్నారు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే కానకినుమాబ్‌ను 150 మిల్లీగ్రాముల మోతాదులో ఇస్తే గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. చెడు కొలెస్ట్రాల్ మాత్రం కదలలేదు. మూల్యం కూడా ఉంది, ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు కొంచెం పెరిగాయి. తర్వాత కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్‌తో ప్రయత్నిస్తే గుండెకు లాభం కనిపించలేదు. గౌట్‌కు వాడే కాల్చిసిన్‌కు, తక్కువ మోతాదులో, రెండు పెద్ద పరీక్షల్లో మేలు కనిపించింది, 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2024లో గుండెపోటు వచ్చిన వెంటనే ఇచ్చి చూసిన మరో పెద్ద పరీక్షలో మేలు కనబడలేదు. కాబట్టి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మానేసి "ఇన్‌ఫ్లమేషన్ మందు" అడగవద్దు.

నాకు మధుమేహం. దీనికి కూడా సైటోకైన్లే కారణమా?

టైప్-2లో ఒక కారణం. ఊబకాయం ఉన్న ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్ తయారవుతోందని, అది ఇన్సులిన్ పనికి అడ్డం పడుతోందని 1993లో చూపించారు. మనుషుల కొవ్వులోనూ మాక్రోఫేజ్‌లనే తెల్లకణాలు గుమికూడతాయి. కానీ టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు మనుషుల్లో చక్కెరను చెప్పుకోదగ్గంత తగ్గించలేదు. బరువు తగ్గడం మాత్రం చక్కెరనూ సీఆర్‌పీనీ రెండింటినీ దించుతుంది.

నొప్పి తగ్గింది, కానీ ఈ అలసట, ఈ నిర్లిప్తత తగ్గడం లేదు. ఇది మనసు బలహీనతా?

జ్వరం వచ్చినప్పుడు పడుకోవాలనిపిస్తుంది, ఆకలి ఉండదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. అది మెదడు మీద సైటోకైన్ల ప్రభావమే. దీర్ఘకాలిక వ్యాధిలో అదే స్థితి పలచగా, రోజూ కొనసాగగలదు. హెపటైటిస్-సికి ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. అంతకుముందు ఏ మానసిక సమస్యా లేని వారిలో కూడా చాలామంది వాటివల్ల డిప్రెషన్‌లోకి జారారు. దాంతో ఈ సంబంధాన్ని కాదనడానికి వీల్లేకుండా పోయింది. అయితే అన్నింటినీ దీని ఖాతాలోనే వేయకండి. రక్తహీనత, థైరాయిడ్, నిద్రలేమి, మందుల ప్రభావం కూడా చూడాలి. డిప్రెషన్‌కు విడిగా చికిత్స అవసరమైతే తీసుకోవాలి.

## మందు మొదలుపెట్టే ముందు, వాడుతున్నప్పుడు

నొప్పి మాత్ర, స్టెరాయిడ్, బయోలాజిక్, అన్నీ ఇన్‌ఫ్లమేషన్‌కే అయితే తేడా ఏమిటి?

ఎంత విస్తారంగా అడ్డుకుంటాయన్నదే తేడా. ఆస్పిరిన్ రకం మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయని 1971లో జాన్ వేన్ చూపించారు. నొప్పి, వాపు తగ్గుతాయి కానీ కీలు అరగడం ఆగదు. స్టెరాయిడ్ కణకేంద్రంలోకి వెళ్లి ఎన్నో సైటోకైన్ల జన్యువులను ఒకేసారి అణచివేస్తుంది. 1948లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాత రోగికి కార్టిసోన్ ఇచ్చినప్పుడు కొద్ది రోజుల్లోనే నడవగలగడం చూసి లోకం అబ్బురపడింది. ఎముకలు గుల్లబారడం, చక్కెర పెరగడం తర్వాత బయటపడ్డాయి. బయోలాజిక్ మందు ఒక్క అణువునో దాని గ్రాహకాన్నో పట్టుకుంటుంది.

కీళ్లవాతానికి బయోలాజిక్ ఇంజెక్షన్ ఇవ్వడానికి టీబీ పరీక్ష ఎందుకు? నాకు దగ్గు కూడా లేదు.

టీబీ క్రిమి ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండగలదు. దాని చుట్టూ కట్టిన కణాల గోడ కూలిపోకుండా చూసేది టీఎన్‌ఎఫ్. ఆ అణువును తీసేస్తే క్రిమి బయటపడుతుంది. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడాక టీబీ వచ్చిన 70 మంది వివరాలు 2001లో ప్రచురితమయ్యాక ఈ పరీక్ష తప్పనిసరి అలవాటైంది. చర్మ పరీక్ష లేదా రక్త పరీక్షతో పాటు ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. హెపటైటిస్-బి కూడా తిరగబెట్టవచ్చు, దానికీ పరీక్ష ఉంటుంది. నిద్రాణ టీబీ బయటపడితే ముందు దానికి మందులు మొదలుపెడతారు.

ఇదే మందు మాత్రగా దొరకదా?

బయోలాజిక్‌లు ప్రొటీన్లు, మింగితే జీర్ణమైపోతాయి. టోఫాసిటినిబ్ వంటి జాక్ ఇన్హిబిటర్లు మాత్రలే. సైటోకైన్ సందేశం కణం లోపలికి చేరే దారిని అవి మూస్తాయి. వయసు పైబడి, గుండె జబ్బు ముప్పున్న కీళ్లవాత రోగుల్లో టోఫాసిటినిబ్‌తో గుండె సమస్యలు, క్యాన్సర్లు ఎక్కువ కనిపించడంతో 2021లో అమెరికా నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక జతచేసింది. మాత్ర అనగానే తేలికైనదని అనుకోకండి.

మొదటి ఏడాది అద్భుతంగా పనిచేసిన ఇంజెక్షన్ ఇప్పుడు పనిచేయడం లేదు.

మందు కూడా శరీరానికి పరాయి ప్రొటీనే. దాని మీదే యాంటీబాడీలు పుట్టి దాన్ని తటస్థం చేయవచ్చు. డోసుల మధ్య ఇష్టమొచ్చినంత విరామం ఇస్తే ఈ అవకాశం పెరుగుతుంది. మెథోట్రెక్సేట్ కలిపి ఇవ్వడానికి ఇది ఒక కారణం. మందు స్థాయి, యాంటీబాడీలు కొలిచి డోసు పెంచాలో మందు మార్చాలో తేలుస్తారు.

టోసిలిజుమాబ్ మొదలయ్యాక సీఆర్‌పీ దాదాపు సున్నా. వ్యాధి పోయినట్టేనా?

ఆ మందు ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకాన్నే మూసేస్తుంది. కాలేయానికి కబురే అందనప్పుడు సీఆర్‌పీ ఎలా తయారవుతుంది? కీళ్లు ఎలా ఉన్నాయన్నదే ఇక్కడ కొలబద్ద. మరింత ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ మందు మీద ఉన్నవారికి తీవ్రమైన ఇన్ఫెక్షన్ వచ్చినా జ్వరం స్వల్పంగానే ఉండి, సీఆర్‌పీ పెరగకపోవచ్చు. అత్యవసరంగా వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మందు పేరు ముందుగా చెప్పండి.

స్టెరాయిడ్ భయం వేసి ఈ రోజే ఆపేద్దామనుకుంటున్నాను.

ఆపకండి. మూడు నాలుగు వారాలకు మించి వాడితే మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు సొంత కార్టిసాల్ తయారీ తగ్గించేస్తాయి. హఠాత్తుగా మానితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారమే తగ్గించాలి.

టీకాలు వేయించుకోవచ్చా?

ఫ్లూ, న్యుమోనియా వంటి నిర్జీవ టీకాలు వేయించుకోవాలి. బతికున్న క్రిమితో చేసిన టీకాలు బయోలాజిక్ వాడుతుండగా సాధారణంగా ఇవ్వరు. కావలసినవి మందుకు ముందే వేయించుకోవడం మేలు.

## రోజువారీ విషయాలు

రోగనిరోధక శక్తిని పెంచే పొడులు, కాప్సూల్స్ వాడవచ్చా?

శరీరం తన మీదే దాడి చేసే ఆటోఇమ్యూన్ వ్యాధిలో ఆ శక్తి ఇప్పటికే దారితప్పి పనిచేస్తోంది. దాన్ని ఇంకా పెంచుతామంటే సంతోషించాల్సిన పని లేదు. అదృష్టవశాత్తు వాటిలో చాలావరకు ఏమీ పెంచవు. కొన్నింటిలో రహస్యంగా స్టెరాయిడ్ కలుపుతారు. తెలియని పొడితో వారంలోనే నొప్పులన్నీ మాయమైతే అనుమానించండి.

నాకు కీళ్లవాతం, నాన్నకు మధుమేహం. ఇద్దరినీ పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లమన్నారు. సంబంధం ఏమిటి?

చిగుళ్ల వ్యాధి రోజూ కొంత ఇన్‌ఫ్లమేషన్‌ను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. దానికి చికిత్స చేస్తే మధుమేహుల్లో మూడు నెలల సగటు చక్కెర కొద్దిగా తగ్గుతుంది. చక్కెర అదుపు తప్పితే చిగుళ్లు మరింత పాడవుతాయి కూడా. చిగుళ్లలో ఉండే ఒక బ్యాక్టీరియా మన ప్రొటీన్ల రూపాన్ని మార్చగలదు. అలా రూపు మారిన ప్రొటీన్ల మీదనే కీళ్లవాతంలో యాంటీబాడీలు పుడతాయి. రుమటాయిడ్‌లో చూసే యాంటీ-సీసీపీ పరీక్ష వాటినే కొలుస్తుంది. పొగతాగేవారిలోనూ ఊపిరితిత్తుల్లో ఇలాంటి మార్పే జరుగుతుంది. ఇద్దరిలో ఎవరికి సిగరెట్ అలవాటున్నా అది మానడం పళ్ల శుభ్రతకంటే ముందు చేయాల్సిన పని.